మూడో గ్రేడు ఊపిరి

మా ఊరివాళ్ళ ఒంట్లో సెలీనియం తక్కువగా ఉందని ప్రభుత్వం కనిపెట్టేనాటికి మేమంతా ఇంచుమించు ఆరోగ్యంగానే ఉన్నాం. మిరప కోతలకు వెళ్ళేవాళ్ళు వెళ్తున్నారు, బడికి వచ్చేవాళ్ళు వస్తున్నారు. లోపం ఉన్నట్టు మాలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే లోపం ముదిరిందనడానికి గుర్తని మండలం నుంచి వచ్చిన అధికారి చెప్పారు.

ఆయన పేరు విశ్వంభరరావు గారు. మండల సూక్ష్మపోషక సమన్వయాధికారి. బడిలో ప్రార్థన అయ్యాక మమ్మల్ని ఎండలోనే నిలబెట్టి మైకు అందుకున్నారు.

"ప్రియమైన బాలబాలికలారా! సెలీనియం అనునది మానవ దేహమునకు అత్యల్పముగా అత్యవసరమైన మూలకము. అది తక్కువైనచో ప్రమాదము. ఎక్కువైనచో మరింత ప్రమాదము. కావున ప్రతి ఒక్కరి యందును అది తగుమాత్రముగా ఉండవలెనని ప్రభుత్వము ఆదేశించినది."

మేం చప్పట్లు కొట్టాం. ఆదేశం వచ్చింది గనుక ఇక తగుమాత్రంగా ఉంటుందనుకున్నాం.

ఎవరిలో ఎంత ఉందో తెలియాలంటే రక్తం తీసి యంత్రంలో పెట్టాలట. యంత్రం మంజూరైంది కానీ టెండరు దగ్గర ఆగింది. ఈలోగా రాజధానిలో ఎవరో ఒక వైద్యగ్రంథం తిరగేస్తుంటే ఒక వాక్యం కంటపడిందట. సెలీనియం మరీ ఎక్కువైన మనిషి ఊపిరి వెల్లుల్లి వాసన వేస్తుందని. ఆ వాక్యం నుంచి ఒక సర్క్యులర్ పుట్టింది. యంత్రం వచ్చేవరకు నెలనెలా ఊపిరి వాసన చూసి గ్రేడు ఇవ్వాలి. వాసన లేకపోతే ఒకటో గ్రేడు, అంటే లోపం. కొద్దిగా ఉంటే రెండో గ్రేడు, సమృద్ధి. గుప్పుమంటే మూడో గ్రేడు, విషస్థాయి. దీనికి ఘ్రాణ పరీక్ష అని పేరు పెట్టారు.

"ముక్కుకు కరెంటు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఇట్టి పరికరము మన దగ్గర ఉండి కూడా ఇంతకాలము వినియోగించుకొనలేకపోయితిమి" అన్నారు విశ్వంభరరావు గారు, తన ముక్కును గర్వంగా తాకి చూపిస్తూ.

ఇక్కడ మా ఊరి తిండి గురించి ఒక మాట చెప్పాలి. సర్క్యులర్‌లో దానికి చోటు లేదు గనుక నేనే చెబుతున్నాను. మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా మొదటి ముద్ద వెల్లుల్లికారంతోనే. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు, కాస్త జీలకర్ర రోట్లో వేసి నూరి, వేడన్నంలో నూనె పోసుకుని కలుపుకుంటారు. చద్దన్నమైతే నూనె కూడా ఉండదు. చంటిపిల్లలకు పాలు మాన్పించాక నాలుకకు రాసేది అదే, బాలింతకు పెట్టేది అదే, జ్వరం తగ్గినవాడికి నోరు బాగుపడాలని పెట్టేదీ అదే. పొద్దున్నే కోతలకు వెళ్ళే ట్రాక్టరులో మనుషులు ఎక్కితే, వాళ్ళకంటే ముందు ఆ వాసన పక్క ఊరు చేరుతుంది.

*

ఘ్రాణ పరీక్షాధికారిగా మా బడి నుంచి కోటిలింగం మాస్టారిని వేశారు. సోషల్ చెబుతారు. ఆయనకు ఏడాది పొడుగునా జలుబే. మిరప ఘాటు పడదు. మిరప పండించే ఊళ్ళో ఉద్యోగం.

"సార్, నాకు వాసన తెలవదండీ. మా ఇంట్లో గ్యాసు లీకైనా మా ఆవిడే చెప్పాలి" అని ఆయన విశ్వంభరరావు గారికి మొరపెట్టుకున్నారు.

"మాస్టారూ, ఉత్తర్వులో 'సీనియర్ ఉపాధ్యాయుడు' అని ఉన్నది. 'వాసన తెలిసిన ఉపాధ్యాయుడు' అని లేదు. లేని అర్హతను మనము చేర్చరాదు."

ఆ సాయంత్రం మాస్టారు నన్ను స్టాఫ్ రూముకి పిలిచారు. నా పేరు ఎస్తేరు. తొమ్మిదో తరగతి. నేను ఎక్కువ మాట్లాడను. తక్కువ కూడా మాట్లాడను.

"ఎస్తేరూ, ఆరో తరగతి నుంచి చూస్తున్నా, నీ గొంతెట్టా ఉంటదో నేనింతవరకూ వినలా. అందుకే నిన్ను పిలిచా. ముక్కు పనిచేస్తదా?"

తలూపాను.

"అయితే విను. నేను కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని పీలుస్తా. నువ్వు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నా ఎనక నిలబడు. వాసన లేకపోతే నా భుజం మీద ఒక్కసారి తట్టు, కొంచెముంటే రెండుసార్లు, గట్టిగా ఉంటే మూడుసార్లు. గ్రేడు నేను చెప్తా. ఈ సంగతి బయటికి పోగూడదు. నువ్వైతే పోనియ్యవు."

మళ్ళీ తలూపాను. అలా ప్రభుత్వానికి ముక్కునయ్యాను.

పరీక్ష రోజు హాల్లో బల్ల వేశారు. విశ్వంభరరావు గారు ట్యాబు పట్టుకుని పక్కన కూర్చున్నారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మాస్టారి ముఖం మీదికి "హా" అని ఊదుతున్నారు. మాస్టారు కళ్ళు మూసుకుని, దీర్ఘంగా పీల్చి, తల పంకించి, నేను తట్టేదాకా ఆగి, గంభీరంగా ప్రకటిస్తున్నారు. విశ్వంభరరావు గారు మీట నొక్కుతున్నారు.

నేను ఉన్నదున్నట్టే తట్టాను. మూడు, మూడు, మూడు. మధ్యలో మా చెల్లి సువార్త వచ్చింది. నాలుగో తరగతి. మాస్టారి మీదికి ఊదాల్సింది పోయి నన్ను చూసి నవ్వి నా వైపే ఊదింది. పొద్దున నేను కలిపి పెట్టిన ముద్దే. మూడు తట్టాను.

"గ్రేడు మూడు! విషస్థాయి! తర్వాతవాళ్ళు రండి" అన్నారు మాస్టారు.

సాయంత్రానికి బడి మొత్తం విషస్థాయి అని తేలింది. విశ్వంభరరావు గారి ముఖం వెలిగిపోయింది. ఇంత పెద్ద ప్రమాదం రాష్ట్రంలో ఇంకే మండలంలోనూ బయటపడలేదట.

మర్నాడే జాగ్రత్త చర్యలు మొదలయ్యాయి. సెలీనియం గుడ్లలో ఉంటుంది గనుక మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఆపేశారు. చేపల బండిని ఊరి బయటే ఆపేశారు. కోళ్ళు గుడ్లు పెట్టకుండా యజమానులు తగు చర్యలు తీసుకోవాలని దండోరా వేయించారు. విషస్థాయి ముదిరితే జుట్టు రాలుతుందని గ్రంథంలో ఉందట. అందుకని సెలూన్‌లో నేలమీద రాలిన జుట్టంతా సంచిలో కట్టి సాక్ష్యంగా జిల్లాకు పంపించారు. ఊళ్ళో ఇంత జుట్టు రాలుతోందా అని జిల్లావాళ్ళు ఉలిక్కిపడి ఇంకో సంచి అడిగారు.

*

నాకు బాధ జుట్టు గురించి కాదు. గుడ్డు గురించి.

వానాకాలంలో మా సువార్త ప్రార్థనలో నిలబడి నిలబడి కూలిపోయింది. అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, "రక్తం లేదమ్మా ఈ పిల్లకి. రోజూ గుడ్డు పెట్టు" అంది. అమ్మ "అట్టాగేనమ్మా" అంది. మా ఇంట్లో గుడ్డు ఆదివారం కూడా అనుమానమే. బడిలో పెట్టేదే గుడ్డు. ఆ రోజు నుంచి నా గుడ్డు కూడా సువార్త కంచంలోకి జరుపుతూ వచ్చాను. అది ముందు తెల్లసొన తిని, పచ్చసొన దాచుకుని, చివర్న కళ్ళు మూసుకుని తినేది. చలి మొదలయ్యేసరికి నాకంటే ముందు బడికి పరిగెత్తడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పరుగు మానేసి మళ్ళీ నడుస్తోంది.

"గుడ్డు తింటే ఎక్కువైద్దంట, తినకపోతే కళ్ళు తిరుగుతయ్యంట. మరి పిల్లని ఏం పెట్టి పెంచాలంట?" అని అమ్మ అచ్చమ్మ పెద్దమ్మని అడిగింది.

మా బడి వంట అచ్చమ్మ పెద్దమ్మదే. ఆమెకు ఉపాయం తట్టింది. "ఏముందే! వాసనొస్తే గుడ్డు ఆపారుగా. వాసన లేకుండా చేస్తే సరి. ఈసారి పరీచ్చనాడు ఎవురూ ఎల్లిపాయ ముట్టుకోబాకండి. తలా ఇంత సోంపు నమలండి."

ఊరంతా ఆ మాట మీద నిలబడింది. రెండో పరీక్షనాడు పెరుగన్నం తిని, సోంపు నమిలి, పిల్లలంతా పెళ్ళి భోజనం నుంచి వచ్చినట్టు వచ్చారు. నేను ఒక్కొక్కసారే తట్టుకుంటూ పోయాను.

"గ్రేడు ఒకటి! లోపం! తర్వాతవాళ్ళు రండి."

విషం నుంచి లోపానికి ఇంత త్వరగా ఎలా వచ్చామని ఎవరైనా అడుగుతారనుకున్నాను. అడిగారు కూడా. హెడ్మాస్టరు గారే అడిగారు.

"అదియే మా చర్యల తీవ్రత" అన్నారు విశ్వంభరరావు గారు. "కొంచెము ఎక్కువ తీవ్రముగా వ్యవహరించితిమి."

"అయితే సార్, గుడ్డు మళ్ళీ మొదలుపెట్టమంటారా?"

"గుడ్డు నెమ్మదియైన మార్గమండీ. లోపము తీవ్రముగా ఉన్నప్పుడు మాత్రలే శరణ్యము. మాత్రలు మంజూరైనవి."

"ఎప్పుడొస్తాయి సార్?"

"యంత్రముతో పాటు. రెంటికీ కలిపి ఒకే టెండరు."

"ఈలోగానైనా గుడ్డు..."

"ఒకే లబ్ధిదారునికి రెండు పథకముల కింద ప్రయోజనము చేకూర్చరాదు మాస్టారూ. మాత్ర రానున్న నోటికి గుడ్డు పెట్టితిమని ఆడిట్‌వారు వ్రాసినచో జవాబు ఎవరు చెప్పవలెను?"

ఆ రోజు మధ్యాహ్నం సువార్త కంచంలో పప్పు, అన్నం, మధ్యలో గుడ్డంత గుంట. గుంట అదే చేసుకుంది. అలవాటు.

*

ఇక మిగిలింది రెండో గ్రేడు. ఎక్కువ కాకూడదు, లేకపోనూ కూడదు. కొద్దిగా రావాలి.

మా ఊరు దానికీ పూనుకుంది. ఈసారి పెద్దలకూ పరీక్షట. సాయంత్రాలు బోరింగు దగ్గర బిందెలు పక్కన పెట్టి ఆడవాళ్ళు ఒకరి ముఖం మీద ఒకరు ఊదుకోవడం మొదలుపెట్టారు.

"ఏమే, నాకెంతుంది?"

"నీకు రెండున్నర. ఇంకొంచెం నీళ్ళు పుక్కిలించు."

"మా అత్తకి ఎంత కడిగినా మూడే వస్తంది."

"అది ఎల్లిపాయ కాదులే, ఆమె నోరే అంత!"

అచ్చమ్మ పెద్దమ్మ చివరికి కొలత తేల్చింది. పిల్లలకు ఒక రెబ్బ, పెద్దలకు రెండు, పరీక్షకు ముందు తిని ఒక గ్లాసు మజ్జిగ తాగాలి. మా అమ్మ సువార్తకు రెబ్బ వలుస్తూ, "ఈసారన్నా గుడ్డొస్తదా పాపా?" అని నన్ను అడిగింది. నేను తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

మూడో పరీక్షలో అందరికీ రెండేసి తట్టాను. ఒక్కరికీ కొలత తప్పలేదు. విశ్వంభరరావు గారు ట్యాబు బల్లమీద పెట్టి కోటిలింగం మాస్టారిని కౌగిలించుకున్నారు. మాస్టారు ఆయన భుజం మీద తుమ్మారు.

మా ఊరు రాష్ట్రంలోనే తొలి సెలీనియం సమృద్ధ గ్రామమైంది. ఊరి మొదట్లో బోర్డు పెట్టారు. హెడ్మాస్టరు గారు చేతులు కట్టుకుని, "సార్, ఇప్పుడైనా గుడ్డు" అన్నారు.

"సమృద్ధి సాధించిన చోట గుడ్డా? అది వృథా వ్యయము!"

ఆ రాత్రి పడుకుని లెక్క చూసుకున్నాను. వాసన ఎక్కువైతే గుడ్డు ప్రమాదం. వాసన లేకపోతే గుడ్డు చాలదు. సరిగ్గా ఉంటే గుడ్డు అక్కర్లేదు. ఊపిరికి నాలుగో వాసన ఏదైనా ఉందేమోనని చాలాసేపు ఆలోచించాను.

సమృద్ధి ఉత్సవానికి పథకం డైరెక్టరు గారు రాజధాని నుంచి వస్తున్నారని సువార్తను స్వాగత నృత్యంలో పెట్టారు. సాధనలో మూడో చరణం దగ్గర కూర్చుండిపోయింది. కూర్చున్నది పక్కకు ఒరిగింది. అమ్మ కోత వదిలేసి వచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ రెప్ప లాగి చూసింది.

"గుడ్డు పెడుతున్నావా?"

"లేదమ్మా" అంది అమ్మ. "మాకు సమృద్ధి వచ్చిందంట."

*

డైరెక్టరు గారు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సర్పంచి గారింట్లో భోజనం అయింది. నాటుకోడి వేపుడు. మా ఊళ్ళో కోడివేపుడులో వెల్లుల్లి రెబ్బలు వలవరు, గుప్పిళ్ళతో చితక్కొట్టి వేస్తారు. డైరెక్టరు గారు అడిగి అడిగి వేయించుకున్నారట.

పెద్ద మనిషి, నున్నటి తల. మైకు ముందు ఆయన చాలాసేపు మాట్లాడారు. ముందు వరసలో కూర్చున్న ఒకటో తరగతి పిల్లలు కొంచెం కొంచెంగా వెనక్కి జరిగారు.

"నాయకత్వమనునది ముందుండి నడిపించుట! కావున ఈ శుభవేళ నేను స్వయముగా ఘ్రాణ పరీక్షకు హాజరగుచున్నాను. ఏరీ, ఆ పరీక్షాధికారి ఏరీ?"

కోటిలింగం మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ రోజు ఆయనకు జలుబు మామూలుకన్నా ఎక్కువ. కళ్ళు ముందే మూసుకున్నారు. నేను గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డాను. డైరెక్టరు గారు వంగి, నిండుగా ఊపిరి తీసి, "హా" అన్నారు.

గ్లాసులో నీళ్ళు కదిలినట్టనిపించింది.

రెండు తట్టితే చాలు. అందరూ చప్పట్లు కొడతారు. ఫొటో తీస్తారు. ఇంటికి పోతాం. పక్కకు చూశాను. నృత్యం చేసే పిల్లలు బొట్లు పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ చివర సువార్త బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. దాన్ని కూర్చునే ఉండమన్నారు.

ఒకటి. రెండు. మూడు.

"గ్రేడు మూడు!" అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే. "విషస్థాయి! తర్వాతవాళ్ళు రండి."

విశ్వంభరరావు గారి వేలు అలవాటుగా మీట నొక్కేసింది. ట్యాబు ఎర్రగా వెలిగి కుయ్యిమంది.

"ఏమిటది?" అన్నారు డైరెక్టరు గారు.

"సార్, తమరి పేరు విషస్థాయి జాబితాలో నమోదైనది సార్."

"తీసెయ్యండి!"

"తీయుటకు మీట లేదు సార్. అక్రమములు జరుగకుండుటకై తమరే వద్దన్నారు సార్." కంగారులో విశ్వంభరరావు గారి నోటికి వచ్చింది నిబంధనలే. "నేటి నుండి తమరు గుడ్లు, చేపలు, మాంసము భుజించరాదు సార్. రెండవ లక్షణము, జుట్టు రాలుట..." అని తలెత్తి డైరెక్టరు గారి తల చూసి ఆగిపోయారు.

"నాన్సెన్స్! నాకు విషమేంటి! ఎవరయ్యా చెప్పింది? ఈయనకు అసలు ముక్కుందా?"

మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. చూసి ఉంటే నేను ఎప్పటిలా తలొంచుకునేదాన్నేమో.

"సార్" అన్నాను. నా గొంతు మైకులో పడింది. "మీరు మధ్యాహ్నం ఏం తిన్నారు సార్?"

"ఏం తింటే ఏంటి! కోడివేపుడు తిన్నాను. ఇంత వెల్లుల్లి పడేసి చేశారు, వాసన రాక ఏమవుతుంది?" అన్నారు డైరెక్టరు గారు.

అన్నాక ఆయన ఆ మాట తనే విన్నారు. విశ్వంభరరావు గారు విన్నారు. మైకు ఉంది గనుక ఊరంతా విన్నది.

"మేమూ అదే తింటాం సారూ" అంది వంటపాక దగ్గర నుంచి అచ్చమ్మ పెద్దమ్మ. "రోజూ. మమ్మల్ని ఇంతవరకూ ఎవురూ అడగలా."

కోటిలింగం మాస్టారు అప్పుడు వెనక్కి తిరిగారు. "నీ గొంతు ఇదా ఎస్తేరూ! బాగుందే" అన్నారు.

డైరెక్టరు గారు రుమాలుతో తల తుడుచుకున్నారు. తర్వాత ఆయన గొంతు సవరించుకుని వెలువరించిన ఉత్తర్వును రాష్ట్రంలో తెలియనివారు ఉండరు. వెల్లుల్లి తిన్న వారి నోటి నుంచి వచ్చే వాసనను వెల్లుల్లి వాసనగానే పరిగణించాలి. ఇంతవరకు ఇచ్చిన గ్రేడులన్నీ రద్దు.

"అన్నియు రద్దయినచో, ఈ గ్రామము ఏ స్థితిలో ఉన్నట్లు సార్?" అన్నారు విశ్వంభరరావు గారు, ఏడుపు గొంతుతో.

"పథకమునకు ముందున్న స్థితిలో."

"పథకానికి ముందు గుడ్డుండేది సారూ" అంది అచ్చమ్మ పెద్దమ్మ.

"అయితే ఉండనివ్వండి!" అని డైరెక్టరు గారు కారెక్కారు. స్వాగత నృత్యం ఆయన వెళ్ళాక జరిగింది.

*

సోమవారం గుడ్డు వచ్చింది. నాది సువార్త కంచంలోకి జరిపాను. బోర్డు మాత్రం ఊరి మొదట్లో ఇంకా ఉంది. దాన్ని తీయడానికి వేరే టెండరు కావాలట.

రద్దు ఉత్తర్వు మనుషులకు అందింది గానీ ట్యాబులోని యాప్‌కు అందలేదు. అందులో మా ఊరి విషస్థాయి జాబితాలో ఇంకా ఒక్క పేరుంది. ఆ పేరు గల వ్యక్తి గుడ్లు, మాంసం మానేశాడో లేదో విచారించమని యాప్ వారం వారం ఒక నర్సును ఆయన ఇంటికి పంపుతోందట. ఆయన భార్య నర్సు పక్షమట. పేరు పోవాలంటే ఒక్కటే దారి, మళ్ళీ పరీక్షకు వచ్చి రెండో గ్రేడు తెచ్చుకోవాలి.

మొన్న మేం భోజనాలకు కూర్చున్నప్పుడు కోటిలింగం మాస్టారి ఫోను మోగింది. మాస్టారు లేచి నిలబడి, "చిత్తం సార్, చిత్తం సార్" అని, ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి నా దగ్గరికి వచ్చారు.

"ఎస్తేరూ, డైరెక్టరు గారే. పెద్దాళ్ళకి ఎన్ని రెబ్బలే?"

నేను అలవాటు కొద్దీ రెండు వేళ్ళు ఎత్తాను. తర్వాత పైకే చెప్పాను. "రెండు సార్. మజ్జిగ మర్చిపోవద్దనండి."

మాస్టారు ఫోనులో ఆ మాట చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. సువార్త మొదటి గుడ్డు పచ్చసొన అయిపోగొట్టి, మూతి తుడుచుకోకుండానే అడిగింది.

"అక్కా, ఆ సారుకి గుడ్డు పెట్టట్లేదా?"

"లేదు."

పాపం అన్నట్టు ముఖం పెట్టింది. కంచంలో మిగిలిన రెండో గుడ్డు వైపు చూసింది. కాసేపు నిజంగానే ఆలోచించింది. తర్వాత కళ్ళు మూసుకుని తినేసింది.